మేస్త్రి డైరీలో చాసిస్ నంబర్లు

వాహన కంపెనీలు డీలర్లకు పంపే సర్వీస్ బులెటిన్ల గురించి రాయమని ఎడిటర్ అడిగితే, షోరూములు వదిలేసి కడపలో రాయచోటి రోడ్డు పక్కనున్న ఒక షెడ్డుకు పోయాను. ఆ కాగితాలు అందని చోట పని ఎట్లా సాగుతుందో చూడాలనుకున్నాను.

ఎర్రగుంట్ల నుంచి బండలు వేసుకొచ్చిన చిన్న లారీ క్యాబిన్ పైకెత్తి నిలబెట్టి ఉంది. "గువ్వలచెరువు ఘాట్‌లో లాగలేదు మేస్త్రీ. సెకండ్ గేరుకు దించినా మూలుగుతాంది. టర్బో మార్చాలన్యారు. అంత దుడ్డు యాడ తెచ్చేది?" అంటున్నాడు డ్రైవరు. స్కానర్ పెడితే పీ0299 అనే కోడ్ వచ్చింది. టర్బో నుంచి రావాల్సినంత గాలి ఒత్తిడి రావడం లేదని దానర్థం.

"మిషన్ గాలి తక్కువని చెప్పింది. టర్బో పోయిందని చెప్పలేదు గదప్పా" అని మేస్త్రి ఇంటర్‌కూలర్ పైపు కిందికి చెయ్యి పోనిచ్చాడు. కంటికి కనిపించే పైభాగం శుభ్రంగానే ఉంది. ఆయన వేళ్లు కిందివైపు మెల్లగా జరుగుతూ క్లిప్పు దగ్గర ఆగాయి. చెయ్యి బయటికి తీస్తే నూనెలో తడిసిన ఎర్రమట్టి అంటుకుని ఉంది. క్లిప్పు వదులు చేసి పైపును రెండు బొటనవేళ్లతో వంచాడు. చిన్న చీలిక నోరు తెరిచింది. ఖాళీ బండిలో మూసుకునే ఉంటుంది, లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఒత్తిడికి విచ్చుకుంటుంది. ఆ వేళ్లకు నేను దండం పెట్టుకున్నాను.

అసలు తప్పు ఎక్కడుందో చూపించడం, సర్వీస్ బులెటిన్ చేసే పని కూడా ఇదే. ఒక మోడల్‌లో ఒకే తప్పు పదేపదే వస్తుంటే కంపెనీ తన డీలర్లకు రాసి చెబుతుంది. చదివేవాళ్లు ముందు చూడాల్సింది ఏ చాసిస్ నంబరు నుంచి ఏ నంబరు దాకా వర్తిస్తుందో. తర్వాత అందులో రాసిన లక్షణమూ మన బండి లక్షణమూ ఒకటేనా కాదా అన్నది. పరీక్షలు రాసిన వరుసలోనే చేయాలి. పార్ట్ నంబరు మారి ఉంటే పాతది వేయకూడదు. కొన్నిసార్లు సామాను మార్చే పనే ఉండదు, సాఫ్ట్‌వేర్ మారిస్తే చాలు. కోడ్ అనేది జ్వరం వంటిది, దాన్ని చూసి రోగం పేరు రాసేయకూడదు. బులెటిన్ రీకాల్ కాదు. అందులో ఉన్నంత మాత్రాన పని ఉచితంగా జరగాలని లేదు.

అమెరికాలో కంపెనీలు డీలర్లకు పంపే ఇలాంటి సమాచారం ప్రతులను జాతీయ రహదారి భద్రతా సంస్థకు కూడా ఇవ్వాలి. సామాన్యులు కూడా వాటిని చూడవచ్చు. మన దగ్గర 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు రూ.2,500 కోట్లకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలు, తనిఖీ పరికరాలు, మరమ్మతు సమాచారం బయటి మెకానిక్‌లకూ అందాలని ఆదేశించింది. కంపెనీలు అప్పీళ్లకు పోయాయి. 2022 డిసెంబరులో కేంద్రం 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెరిచింది. ఇన్ని జరిగాక కూడా ఈ షెడ్డుకు ఒక్క బులెటిన్ రాలేదు. పైగా కమిషన్ ముందుకు పోయిన కేసు కార్లది. బండలు మోసే బండ్ల తరఫున ఎవరు అడగాలి? 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణం అమల్లోకి వచ్చింది. డీజిల్ బండ్లలో సెన్సార్లు, పొగ వడపోతలు పెరిగాయి. తెలిసిన తప్పును దాచిపెట్టి, షెడ్డులో మెకానిక్ ఊహించి సామాను మారుస్తాడని నిందించడం అన్యాయం. ఆ ఊహ ఖర్చు నెలనెలా కంతులు కట్టే డ్రైవరు మీద పడుతుంది.

ఈ పైపు సంగతి మేస్త్రికి ఎట్లా తెలిసిందంటే, ఇంతకుముందు ఇదే మోడల్ బండికి టర్బో విప్పేసిన తర్వాత తెలిసింది. ఆ రోజే డైరీలో రాసుకున్నాడు. మోడలు, చాసిస్ నంబరు, కంప్లైంటు, ముందు ఏం చూడాలి, చివరికి ఏం దొరికింది, అన్నీ పెన్సిల్‌తో, తెలుగులో. కంపెనీ ఇవ్వని బులెటిన్‌ను తానే రాసుకున్నాడు. ఇలాంటి డైరీలు కర్నూలు, నంద్యాల, మైదుకూరు షెడ్లలో ఎన్ని నూనె మరకల్లో కలిసిపోతున్నాయో! ఐటీఐలో మోటారు మెకానిక్ కోర్సు చదివే పిల్లల ముందు ఇవి ఉండాలి. పక్కనే కంపెనీ బులెటిన్లు కూడా తెలుగులో ఉండాలి.

జిరాక్సు తీసుకుంటామంటే డైరీ ఇస్తానన్నాడు మేస్త్రి. ఇంతవరకు ఎవరూ అడగలేదట.