బొచ్చులో వేళ్లు పెట్టి చూడండి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టూ పశువైద్యం చేసేవాడికి పాడి ఆవులు, గొర్రెలే ప్రధానం. అయినా నా దగ్గరకు కుక్కలూ బాగానే వస్తాయి. రాజపాళ్యం, చిప్పిపారై లాంటివి తమిళనాడు నుంచి ఈ సరిహద్దు ఊళ్లకు ఎప్పుడో చేరాయి. అవి నున్నటి ఒళ్లు గలవి, కంటితో చూసి పరుగు తీసేవి. బెంగళూరు నుంచి తోటలకు వచ్చే కుక్కల్లో మరో రకం ఉంటుంది. గరుకు బొచ్చు, వేలాడే చెవులు, ఎప్పుడూ నేలకు ఆనుకునే ముక్కు. వాసన పట్టి పోయే వేటకుక్కల రక్తం అది. వీటిని సాకే తీరే వేరు.

ఇలాంటి కుక్క మన నేలకు కొత్తదేమీ కాదు. లంబాడీల వెంట తిరిగిన బంజారా కుక్కకు గరుకు బొచ్చు, నలుపు మీద బూడిద మచ్చలు, చెవులకూ తోకకూ మెత్తని కుచ్చు ఉండేవని, ముక్కు గట్టిదని పాత ఇంగ్లిషు పుస్తకాలు రాశాయి. ముళ్లపొదల్లో, వానలో తిరిగే కుక్కకు ఆ బొచ్చే కవచం. కానీ రోగాన్ని దాచేదీ అదే. నున్నటి కుక్క ఒంటి మీద పిడుదు దూరం నుంచే కనబడుతుంది. గరుకు బొచ్చు కుక్కకు పుండు పడినా, పిడుదులు గుంపు కట్టినా పైకి తెలియదు. అందుకే యజమానులకు నేను మొదట చెప్పేది, కళ్లను నమ్మవద్దు, వేళ్లతో వెతకమని.

"సార్, సంగటి ముట్టడం లేదు, పడుకునే ఉండాది" అంటూ తెస్తారు. ముందు చిగుళ్లు చూస్తాను. పాలిపోయి ఉంటే చేయి నేరుగా చెవుల వెనక్కి, చంకల్లోకి, కాలివేళ్ల సందుల్లోకి, మెడపట్టీ కిందికి పోతుంది. పిడుదులు ఎక్కువగా దాక్కునేది అక్కడే. జ్వరం, ముక్కు నుంచి రక్తం, నీరసం కలిసి వస్తే పిడుదుల జ్వరమని అనుమానించి రక్తపరీక్ష చేయిస్తాం. తొందరగా తెస్తే మందులకు లొంగుతుంది. ఆడ పిడుదు గోడ పగుళ్లలో వేల గుడ్లు పెడుతుంది కాబట్టి కుక్కకు మందు వేసి, అది పడుకునే చోటును వదిలేస్తే నెల తిరక్కుండానే మళ్లీ మొదటికొస్తుంది. టమాటాకు కొట్టే పురుగుమందును కుక్క ఒంటికి పూసేవాళ్లు ఇంకా ఉన్నారు. కుక్క దాన్ని నాకి, నురగలు కక్కి, వణుకుతూ నా దగ్గరకు చేరుతుంది. దయచేసి ఆ పని చేయకండి.

వేలాడే చెవిలోకి గాలి ఆడదు. బావిలో ఈత కొట్టాక, వానలో తడిశాక చెవి లోపలి మడత తడిగానే ఉండిపోతుంది. కుక్క తల విదిలిస్తున్నా, చెవి వాసన మారినా చీము మొదలైందేమోనని అనుమానించాలి. పొడిబట్టతో అందినంత మేర తుడవండి, పుల్లలు లోపలికి దూర్చకండి. ఉత్తరేణి గింజలు, పల్లేరు కాయలు బొచ్చులో చిక్కుకుంటే అదే రోజు తీయాలి. వదిలేస్తే ఉండ కట్టి కింద చర్మం నానిపోతుంది. ఎండాకాలమని నున్నగా గొరిగించడమూ తప్పే. బొచ్చు ఎండను కూడా ఆపుతుంది. దువ్వి పలుచన చేసి, నీడ, నీళ్లు ఇచ్చి, నడకను తెల్లవారుజాముకు మారిస్తే చాలు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది నాటుబాంబు. అడవిపందుల కోసం ఎరలో చుట్టి పొలం గట్టున పెడతారు. వాసన పట్టే కుక్క దాన్ని అందరికంటే ముందు కనిపెడుతుంది, కొరుకుతుంది. దవడ చితికిన కుక్కకు మేం చేయగలిగేది చాలా తక్కువ. కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం అంచున ఉచ్చులదీ అదే కథ. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చంపడమే కాదు, వన్యప్రాణిని తరమడం, ఉచ్చు వేయడం, ఎర పెట్టడం కూడా వేటే. కుందేలు మీదికి కుక్కను ఉసిగొల్పినా నేరమే.

వేట మానితే ఈ కుక్క ఎందుకు పనికొస్తుందని అడుగుతారు. ఇంగ్లండులో ఒకప్పుడు నీటికుక్కలను (ఒట్టర్లను) వేటాడిన ఒట్టర్‌హౌండ్ అనే గరుకు బొచ్చు జాతి ఉంది. 1978లో ఆ వేట ఆగినా ఇష్టపడినవాళ్లు ఇళ్లలో పెంచుకుని దాన్ని కాపాడుకున్నారు. ఇలాంటి కుక్కకు కావలసింది చంపడం కాదు, ముక్కుకు పని. పొడుగు తాడు కట్టి తోటలో తిప్పండి. సంగటి ముద్దలు గడ్డిలో దాచి వెతకనివ్వండి. పని లేని ముక్కు కంచె దాటుతుంది, బాంబు దగ్గరికే పోతుంది.

ఉల్లిపాయ, ద్రాక్ష, ఉడికించిన కోడి ఎముకలు పెట్టకండి. పిల్లకు మూడు నెలల వయసులో రేబిస్ టీకా వేయించి, ఆపై డాక్టరు చెప్పిన గడువు తప్పకండి. కుక్క కరిస్తే గాయాన్ని పారే నీటిలో సబ్బుతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. రోజూ సాయంత్రం కాసేపు మీ కుక్క ఒళ్లంతా వేళ్లతో తడమండి. అంత తీరిక లేనివాళ్లు గరుకు బొచ్చు కుక్కను తెచ్చుకోకపోవడమే మేలు.