గరగర

కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభలకంటే నన్ను ఎక్కువగా లాగింది బుడగల బోర్డు. గాలి తుపాకీ భుజానికి ఆనించి ఎర్ర బుడగకు గురి పెట్టేవాణ్ణి. ట్రిగ్గర్ నొక్కితే కాస్త కదిలేది, ఆగేది, ఇసక నమిలినట్టు గరగరమంటూ మళ్ళీ కదిలేది. ఇప్పుడా, ఇంకా కాదా అని వేలు తేల్చుకునేలోపే టప్పుమనేది. పగిలింది పక్కనున్న పసుపు బుడగ! కొట్టాయన మాత్రం "భలే కొట్టావు బాబూ" అనేవాడు. గొట్టం వంకరని చాలా ఏళ్ళు తిట్టుకున్నాను. వంకర ఉండే ఉంటుంది లెండి, కానీ తప్పంతా దానిది కాదు.

ఆ సంగతి మొన్నామధ్య హైదరాబాదులో మా మేనకోడలు సాధన చేసే షూటింగ్ రేంజ్‌లో తెలిసింది. తనది పది మీటర్ల ఎయిర్ రైఫిల్. 2012లో లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాదీ గగన్ నారంగ్ కాంస్యం తెచ్చిన పోటీ అదే. పది పాయింట్ల చుక్క అడ్డంగా అర మిల్లీమీటరు, ఆవగింజకన్నా చిన్నది. కొట్టాల్సిన గుండేమో 4.5 మిల్లీమీటర్లు.

"గుండు లేదులే మామయ్యా, ఉత్తినే నొక్కి చూడు" అంది.

వేలు ఆనించాను. మొదట కాస్త దూరం వెన్నలో దిగినట్టు వచ్చింది. తర్వాత ఒక సన్నని అడ్డు. అక్కడ ఆగాను. ఇంకొంచెం నొక్కుదామని అనుకున్నానో లేదో, టిక్. అంతే. ముందు గరగర లేదు, వెనక కుదుపు లేదు.

"ట్రిగ్గర్ బరువు వంద గ్రాములైనా ఉండదు" అంది. ఎయిర్ రైఫిల్ ట్రిగ్గర్‌కి ఇంత బరువుండాలన్న నియమం లేదట. ఎయిర్ పిస్టల్‌కి మాత్రం 500 గ్రాములు తప్పనిసరి. గొట్టాన్ని నిట్టనిలువుగా పెట్టి, ట్రిగ్గర్‌కి తూకం తగిలించి పైకి లేపుతారు. తూకం లేవాలి, ట్రిగ్గర్ తెగకూడదు, అంటే తుపాకీ పేలకూడదు.

అందరూ తేలికదనం చూసి మురుస్తారు. నాకు నచ్చింది అది కాదు. అరకిలో బరువైనా ప్రతిసారీ ఒకేచోట తెగితే వేలు నేర్చేసుకుంటుంది. రోజుకో చోట తెగేది ఎంత తేలికైతే ఏం లాభం?

ఇంటికొచ్చి అటక మీది నా పాత గాలి తుపాకీ దింపి, మా వీధి చివర కుట్టుమిషన్లు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. "నూనె వేస్తే సరిపోదా?" అన్నాను.

"నూనెతో గరగర తగ్గుద్ది బాబూ, ఆట తగ్గదు."

స్ప్రింగు పూర్తిగా సడలించి విప్పాడు. ట్రిగ్గర్ పిన్ను ఉన్న రంధ్రం అరిగి కోడిగుడ్డులా సాగింది. మీట అటూ ఇటూ ఊడబోయే పన్నులా ఆడుతోంది. సన్నటి ఇత్తడి రేకు కత్తిరించి రెండువైపులా వాషర్లు వేశాడు. రంధ్రాన్ని గుండ్రంగా సరిచేసి, దానికి సరిపడా కాస్త లావు పిన్ను కూర్చాడు. మీట పక్కలు, అంటే ఒరుసుకునే చోట్లు మాత్రమే, గాజుపలక మీద వాటర్ పేపర్ పరిచి నెమ్మదిగా రుద్దాడు. చిటికెడు గ్రీజు.

నాకు ఆశ పుట్టింది. స్ప్రింగును పట్టి ఆపే కొక్కెం ఒకటుంటుంది, సియర్ అంటారు. తలుపు గొళ్ళెం లాంటిదే. దాని అంచు కూడా కాస్త అరగదీస్తే ఇంకా తేలికవుతుంది కదా అని ఆకురాయి అందుకున్నాను. ఆయన నా చేతిలోంచి లాగేసుకున్నాడు.

"దాని జోలికి మాత్రం పోమాక. పై పొరే గట్టి, అది పోతే లోపలంతా మెత్తటి ఇనుము. నాలుగు దెబ్బలకే అరుగుద్ది. నువ్వు గొట్టం వంచి ఎక్కుపెడతా ఉంటే జారిందనుకో, గొట్టం ఎగిరొచ్చి వేళ్ళు నలుగుతాయి."

ఎక్కుపెట్టిన స్ప్రింగు బలమంతా నిలిచేది ఆ గోరంత అంచు మీదే మరి. రాపిడి ఎక్కడ తీయాలో కాదు, ఎక్కడ తీయకూడదో తెలిసినవాడు పనివాడు.

బిగించాక పెరట్లో ఇసక బస్తాకి గురి పెట్టి తనే కాల్చాడు, మిషను చక్రం తిప్పి వినేటప్పటిలా కళ్ళు సగం మూసుకుని. నాకు టిక్ తప్ప ఏమీ వినబడలేదు.

"ఉండు, ఇంకో గర మిగిలింది" అంటూ మళ్ళీ స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.