తప్పు తేలింది, తర్వాత?

ఇంగ్లండులో ఒక కౌన్సిలర్ ఆరు నెలలపాటు ఒక్క మీటింగుకూ రాకపోతే, ఆ గైర్హాజరీకి కౌన్సిల్ ముందే ఒప్పుకొని ఉంటే తప్ప, పదవి దానంతటదే పోతుంది. 1972 నాటి స్థానిక ప్రభుత్వ చట్టంలోని నిబంధన అది. అదే కౌన్సిలర్ ప్రతి మీటింగుకూ వచ్చి, ఉద్యోగుల మీద కేకలు వేసి, అర్ధరాత్రి దాకా అవమానించే ఈమెయిళ్లు పంపి, చివరికి విచారణలో తప్పు రుజువైనా కౌన్సిల్ అతణ్ని ఒక్క రోజు కూడా సస్పెండ్ చెయ్యలేదు. ఈ దేశంలో ఇన్నేళ్లుగా ఉంటున్నా నాకు మింగుడుపడని విషయం ఇది.

నేను మా కౌన్సిల్‌కు ఇండిపెండెంట్ పర్సన్‌ని. 2011 లోకలిజం చట్టం ప్రకారం ఫిర్యాదులు విచారించే ప్రతి కౌన్సిల్‌కూ ఇలాంటివారు కనీసం ఒకరుండాలి. అక్కడ కౌన్సిలర్‌గానో ఉద్యోగిగానో ఉన్నవాళ్లు, గత అయిదేళ్లలో ఉండి వెళ్లినవాళ్లు, ఇప్పుడున్నవాళ్ల బంధువులు, దగ్గరి స్నేహితులు పనికిరారు. ప్రకటన ఇస్తారు, దరఖాస్తు చేసుకోవాలి, కౌన్సిలర్లలో మెజారిటీ ఒప్పుకోవాలి. విచారణ జరిపిన ఫిర్యాదు మీద నిర్ణయం తీసుకునే ముందు నా అభిప్రాయం తప్పనిసరిగా అడగాలి, దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఆరోపణ ఎదుర్కొంటున్న కౌన్సిలర్ కూడా నన్ను సంప్రదించవచ్చు. నిర్ణయించే అధికారం మాత్రం నాకు లేదు.

మన తెలుగువాళ్లకు ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి ఫోన్లు వస్తుంటాయి. మొన్నామధ్య ఒక కుర్రాడు, "అంకుల్, మా వార్డు కౌన్సిలర్ మీద మీరొక్క మాట చెబితే తీసేస్తారటగా?" అన్నాడు. తీసెయ్యరు నాయనా అని చెప్పి, అసలు ఏం జరుగుతుందో వివరించాను. ఫిర్యాదు ముందు మానిటరింగ్ ఆఫీసర్ దగ్గరికి వెళుతుంది. సాధారణంగా ఆ పదవిలో ఉండేది కౌన్సిల్ న్యాయవిభాగంలోని పెద్ద అధికారి. ఫిర్యాదులో ఉన్న మాటలు అన్నప్పుడు ఆ మనిషి కౌన్సిలర్ హోదాలో ఉన్నాడా, సొంత జీవితంలోనా అన్నది మొదట చూస్తారు. తర్వాత ప్రవర్తనా నియమావళి కిందికి వస్తుందా, క్షమాపణతో సర్దుకుంటుందా, విచారణ అవసరమా అన్నవి. విచారణలో తప్పు తేలితే తప్పుబడుతూ ఒక తీర్మానం చేస్తారు, శిక్షణకు వెళ్లమంటారు, క్షమాపణ చెప్పమంటారు, పార్టీ ఒప్పుకుంటే కమిటీ నుంచి తప్పిస్తారు. అంతటితో సరి. క్షమాపణ చెప్పనని మొండికేస్తే చెప్పించే దారి లేదు.

ఆ కుర్రాడి ఫిర్యాదు మాత్రం వేరే రకం. ఆ కౌన్సిలర్ తన సొంత స్థలం పక్కనే ఉన్న భూమి ప్లానింగ్ విషయంలో ఓటు వేశాడని ఈ కుర్రాడి అనుమానం. అలాంటిదైతే కథ మారుతుంది. ఎన్నికైన 28 రోజుల్లో ప్రతి కౌన్సిలర్ తన ఉద్యోగం, ఆ ప్రాంతంలో తనకున్న భూములు, కౌన్సిల్‌తో ఉన్న కాంట్రాక్టులు, జీవిత భాగస్వామివి కూడా, రిజిస్టర్‌లో రాయాలి. ఆ రిజిస్టర్ ఎవరైనా చూడవచ్చు. సరైన కారణం లేకుండా దాచిపెడితే, దాచి ఓటేస్తే అది నేరం. పోలీసులు, కోర్టు, జరిమానా, అయిదేళ్ల దాకా అనర్హత. డబ్బు విషయంలో చట్టానికి పళ్లున్నాయి. మనిషిని మనిషిగా చూడని చోటే అవి లేవు.

దీని దెబ్బ ఎవరికి తగులుతుందో నేను చూశాను. ఇంగ్లండులో ఊరి స్థాయిలో సుమారు పదివేల పారిష్, టౌన్ కౌన్సిళ్లు ఉన్నాయి. చాలా చోట్ల ఉద్యోగి అంటే ఒకే ఒక్క క్లర్కు, అదీ పార్ట్‌టైమ్. ఆమెకు యజమానులు ఆ కౌన్సిలర్లే. ఊరి పేరు చెప్పను, గుర్తుపట్టే వివరాలూ చెప్పను. అలాంటి ఒక క్లర్కు ధైర్యం చేసి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టింది. నెలలు గడిచాయి. విచారణాధికారి అందరినీ కలిశాడు, నివేదిక రాశాడు, నియమావళి ఉల్లంఘన జరిగిందన్నాడు. నేనూ అదే రాశాను. ఆ ఫిర్యాదు విచారించిన పై కౌన్సిల్, అంటే మాది, సిఫార్సులు పంపింది. వాటిని పాటించాలన్న నిర్బంధం పారిష్ కౌన్సిల్‌కు లేదు. ఆ కౌన్సిలర్ తన కుర్చీలోనే ఉన్నాడు, ఆమె ఉద్యోగం మానేసింది. నిజం ఆమె వైపే ఉందని కాగితం మీద రాసిచ్చిన వ్యవస్థ, ఆ కాగితం తప్ప ఆమెకు ఇంకేమీ ఇవ్వలేకపోయింది. నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది.

హ్యాండ్‌ఫోర్త్ పారిష్ కౌన్సిల్ వీడియో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2020 డిసెంబరులో జూమ్‌లో జరిగిన మీటింగు, రెండు నెలల తర్వాత ప్రపంచమంతా చుట్టింది. కేకలేస్తున్న ఛైర్మన్‌ను, ఆ జూమ్ మీటింగును నిర్వహిస్తున్న జాకీ వీవర్ బయటికి పంపేశారు. హైదరాబాదులోని మా మేనకోడలు కూడా నవ్వుకుంటూ నాకు ఆ వీడియో పంపింది. దాని వెనక ఉన్న ఫిర్యాదుల విచారణ మాత్రం 2023 దాకా సాగింది. ఖర్చు 85 వేల పౌండ్లు దాటింది. ముగ్గురు నియమావళిని ఉల్లంఘించారని తేలింది. తేలేసరికి ముగ్గురూ మాజీలే.

ఒకప్పుడు ఇలా లేదు. 2000 సంవత్సరపు చట్టంతో ఇంగ్లండు మొత్తానికీ ఒక స్టాండర్డ్స్ బోర్డు ఏర్పడింది. తీవ్రమైన కేసుల్లో సస్పెన్షన్, అయిదేళ్ల దాకా అనర్హత ఉండేవి. చిన్నాచితకా గొడవలన్నీ అక్కడికి చేరుతున్నాయని 2012లో దాన్ని ఎత్తేశారు. ఆ విమర్శలో నిజం లేకపోలేదు. లండన్ మేయర్ కెన్ లివింగ్‌స్టన్ ఒక విలేకరితో అన్న మాటలకు 2006లో నాలుగు వారాల సస్పెన్షన్ వేశారు. ఆ సమయంలో ఆయన మేయర్ హోదాలో లేడంటూ హైకోర్టు అదే ఏడాది దాన్ని కొట్టేసింది. ప్రజలు ఎన్నుకున్న మనిషి నోరు నొక్కడం చిన్న విషయం కాదు. ప్రత్యర్థి పార్టీ వాళ్ల మీద కక్షతో రాసిన ఫిర్యాదులు నా బల్ల మీదికి కూడా వస్తాయి. ఘాటైన రాజకీయ విమర్శ తప్పు కాదని, దాన్ని వదిలెయ్యాలని నేను రాసిన సందర్భాలున్నాయి.

అయినా రోగం ఉన్నది బోర్డులో అయితే శిక్షనే తీసెయ్యడం వైద్యం కాదు. వేల్స్‌లో, స్కాట్లండులో స్వతంత్ర సంస్థలు విచారించి ఏడాది దాకా సస్పెండ్ చేస్తున్నాయి, అయిదేళ్ల దాకా అనర్హులుగా ప్రకటించగలుగుతున్నాయి. అక్కడ ప్రజాస్వామ్యం కూలిపోలేదు. ఇంగ్లండులోనూ ఆరు నెలల దాకా సస్పెన్షన్ ఉండాలని ప్రజాజీవిత ప్రమాణాల కమిటీ 2019లోనే చెప్పింది. అప్పటి ప్రభుత్వం 2022లో కాదంది. 2024 డిసెంబరులో కొత్త ప్రభుత్వం అదే ప్రతిపాదనను మళ్లీ ప్రజల ముందు పెట్టింది.

మన ఊళ్లలో బెడద ఇంకో వైపు నుంచి వస్తుంది. ఆంధ్రప్రదేశ్ 1994 చట్టంలోనూ, తెలంగాణ 2018 చట్టంలోనూ సర్పంచిని తొలగించే అధికారం కలెక్టర్‌కు ఉంది. ఊరు ఎన్నుకున్న మనిషిని ప్రభుత్వం నియమించిన అధికారి దించగలడు. ఆ అధికారి బదిలీ పాలకపక్షం చేతిలో ఉంటుంది. ఇక్కడివాళ్లకు మన పద్ధతి తెచ్చుకోమని నేను చెప్పను. శిక్షించే అధికారం ఉండాలి, అది పార్టీ మెజారిటీ చేతిలోనూ ప్రభుత్వ ఉద్యోగి చేతిలోనూ కాకుండా, అప్పీలుకు వీలున్న స్వతంత్ర సంస్థ చేతిలో ఉండాలి. నా అభిప్రాయం ఇదే.

ఇంగ్లండులో ఉంటున్న తెలుగువాళ్లకు ఒక మాట. భారత పౌరసత్వం వదులుకోకపోయినా, కామన్వెల్త్ పౌరులుగా ఇక్కడి స్థానిక ఎన్నికల్లో మనకు ఓటుంది. కాబట్టి ఈ కౌన్సిలర్లు మనకూ జవాబుదారులే. ఫిర్యాదు చెయ్యాల్సి వస్తే కోపమంతా రాయకండి. ఏ తేదీన, ఎక్కడ, ఏ మాట అన్నారు, ఎవరు విన్నారు అన్నవి రాయండి. కేసు నిలబడేది వాటి మీదే. మీ కౌన్సిల్ ఇండిపెండెంట్ పర్సన్ కోసం ప్రకటన ఇస్తే తప్పకుండా దరఖాస్తు పెట్టండి. దానికి లా డిగ్రీ అక్కర్లేదు.