ఐదో పేజీలోని ఆడవాళ్లు

మా కోడలిది జర్మనీ. వాళ్ల అమ్మమ్మ పోయాక బీరువా సర్దుతుంటే తాతగారి సైనిక పుస్తకం బయటపడింది. దాన్ని 'జోల్డ్‌బుఖ్' అంటారు, అంటే జీతం పుస్తకం. హిట్లర్ సైన్యంలో ప్రతివాడూ జేబులో పెట్టుకు తిరగాల్సిన గుర్తింపు పత్రం కూడా అదే. లోపలంతా పాతకాలపు చేతిరాత. ఆ లిపిని 1941లో బళ్లలో మాన్పించారు కనక ఈ తరం వాళ్లు చదవలేరు. నేను చాలా ఏళ్లు జర్మన్ పాఠాలు చెప్పినదాన్ని. "చదివిపెట్టండి అత్తయ్యా" అని పేజీలన్నీ స్కాన్ చేసి పంపింది. ఆయన సైన్యంలో వంటవాడనీ, తుపాకీ ముట్టలేదనీ వాళ్లమ్మమ్మ చెప్పేదట.

అంత చిన్న పుస్తకంలో ఎంత పట్టింపో! ఎత్తు, ముఖం తీరు, కళ్ల రంగు, కాలి జోడు కొలత. ఇచ్చిన చొక్కాలెన్ని, మేజోళ్లెన్ని. మశూచి టీకా ఎప్పుడు, ఆస్పత్రిలో ఎన్ని రోజులు, సెలవు ఎన్నాళ్లు. ఏ దళం నుంచి ఏ దళానికి మారాడో నాలుగో పేజీలో ఉంటుంది. ఏ ఊళ్లో పోరాడాడో మాత్రం ఉండదు. ఆ జాబితా రాసే 'వేర్‌పాస్' అనే మరో పుస్తకం దళం ఆఫీసులో ఉండేది. సైనికుడికి ఏం ఇచ్చారో, అతనికి ఏం జరిగిందో ఈ పేజీలు చెబుతాయి. అతను ఇతరులకు ఏం చేశాడో రాయడానికి గడి లేదు.

ఆడవాళ్లు కనిపించేది ఐదో పేజీలో. చనిపోతే ఎవరికి కబురు చెయ్యాలో రాసుకునే పేజీ అది. భార్య పేరు, పుట్టింటి పేరు. తండ్రికి పేరుతో పాటు వృత్తి అడిగారు. తల్లికి పేరూ పుట్టింటి పేరూ చాలు, ఆమె ఏం పని చేసేదో అక్కర్లేదు. యుద్ధమంతా పొలాలూ ఫ్యాక్టరీలూ నడిపిన ఆడవాళ్లు ఈ పుస్తకంలో ఒట్టి చిరునామాలు.

ఇక ఇరవై రెండో పేజీ, పతకాలది. అక్కడ 1944 తేదీతో ఒక కంచు బ్యాడ్జి నమోదైంది. 'ముఠాల'తో పోరాడినవాళ్లకని ఆ ఏడాది జనవరిలో పెట్టిన బ్యాడ్జి. కంచుకి ఇరవై పోరాట దినాలు, వెండికి యాభై, బంగారానికి వంద. ముఠాలంటే పార్టిజాన్లు. వాళ్లని ఆ పేరుతో పిలవొద్దని, ముఠాలనే అనాలని 1942లోనే ఆదేశాలు వెళ్లాయి. ముఠాల వేట పేరుతో బెలారుస్‌లో వందల గ్రామాల్ని మనుషులతో సహా తగలబెట్టారు. చచ్చిపోయినవాళ్లలో ఎక్కువమంది నిరాయుధులు, ఆడవాళ్లు, పిల్లలు. వాళ్లకి ఏ పేజీలోనూ చిరునామా లేదు.

ఆ ఒక్క వరుసతో ఆయన్ని హంతకుడనలేను. ఆయన దళం ఏ దేశంలో ఉందో కూడా ఆ వరుస చెప్పదు. కానీ వంటగదిలో గరిటె తిప్పుతూ ఇరవై పోరాట దినాలు పోగుచేసుకోవడం కష్టం. ఉన్నదున్నట్టు కోడలికి రాశాను.

ఆమె వెంటనే అడిగింది: "మా అమ్మమ్మకి తెలుసా?"

ఇదే అసలు ప్రశ్న అనిపించింది. హరాల్డ్ వెల్జర్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనం చూస్తే, జర్మన్ కుటుంబాల్లో కథ తరం మారేకొద్దీ తాత మరింత మంచివాడవుతాడు. ఆ కథని అన్నం ముద్దలతో పాటు పిల్లలకి తినిపించేది తరచుగా అమ్మమ్మలే. మగవాళ్ల యుద్ధంలో మనం బాధితులమని రాసుకోవడం మనకి అలవాటు. అది నిజం కూడా. కానీ ఈవిడ ఆ పుస్తకాన్ని పారెయ్యలేదు, పిల్లలకి చూపించనూ లేదు. మూసిపెట్టి, వంటవాడి కథ చెప్పింది. ఆ కథ ఆవిడ నమ్మిందో, అల్లిందో!

సైనికుల కార్డులు ఇప్పుడు బెర్లిన్‌లో జర్మన్ జాతీయ అభిలేఖాగారం చేతిలో ఉన్నాయి. సైన్యం పత్రాలు చాలామటుకు 1945 ఏప్రిల్‌లో పోట్స్‌డామ్ బాంబుదాడిలో కాలిపోయాయి. అయినా దళం ఎప్పుడెక్కడ ఉందో కనుక్కోవచ్చు. కోడలు దరఖాస్తు పెట్టింది. తాతగారి సంగతి ఎప్పటికైనా అక్కడ తేలవచ్చు. అమ్మమ్మ సంగతి ఏ ఆఫీసులోనూ దొరకదు. ఆడవాళ్లని ఐదో పేజీలోంచి బయటికి తేవాలంటే వాళ్ల చాకిరీతో పాటు వాళ్ల మౌనాన్నీ లెక్కలో వెయ్యాలి.