చుట్టాల గదికి నెలకెంత?

ఇంగ్లండ్‌లోని లీడ్స్ నగరంలో, బ్రామ్లీ ప్రాంతంలో ‘లైలాక్’ అనే చిన్న కాలనీ ఉంది. ఇళ్లూ ఫ్లాట్లూ కలిపి మొత్తం 20. గోడలు ఇటుకవి కావు; చెక్క చట్రాల్లో గడ్డి మోపులు దట్టించి తయారుచేసిన పలకలు. 2013లో నిర్మాణం పూర్తయింది. పెద్ద వంటగది, భోజనాల హాలు, బట్టలుతికే మెషీన్లు, అతిథుల గదులు అన్నీ మధ్యలో ఉన్న ఉమ్మడి ఇంట్లో ఉంటాయి.

అసలు విశేషం డబ్బు కట్టే పద్ధతిలో ఉంది. బ్యాంకు అప్పు సంఘం పేరు మీద ఉంటుంది. ప్రతి కుటుంబం పన్నులు పోగా చేతికొచ్చే ఆదాయంలో 35 శాతం సంఘానికి కడుతుంది. నిర్వహణ ఖర్చులు తీసేయగా మిగిలింది ఆ కుటుంబం పేర వాటాలుగా జమవుతుంది. ఖాళీ చేసి వెళ్లేటప్పుడు ఆ వాటాలకు విలువ కట్టేది చుట్టుపక్కల ఇళ్ల ధరలను చూసి కాదు, జీతాల సగటు పెరుగుదలను చూసి.

అదే నగరంలో ఇల్లు కొందామనుకున్న ఈ వ్యాసకర్త దంపతులు ఈ లెక్కను చాలాసేపు చర్చించుకున్నారు. అక్కడే స్థిరపడేవాళ్లకు ఇది మంచి ఏర్పాటు అని ఇద్దరికీ అనిపించింది. ధరలు పడిపోయినా భయం లేదు, పెరిగితే తర్వాత వచ్చేవాళ్లకు ఇల్లు అందకుండా పోదు. కానీ పదేళ్ల తర్వాత లీడ్స్‌లో ఉంటారో, హైదరాబాద్ వెళ్తారో తేలని కుటుంబం వాళ్లది. అమ్ముకుని వెళ్లే వీలు ముఖ్యం. అందుకని లైలాక్‌లోని ఉమ్మడి గదుల ఆలోచనను మాత్రం తీసుకుని, మార్కెట్ ధరకు కొని మార్కెట్ ధరకు అమ్ముకోగలిగే ఇళ్ల కోసం వెతికారు.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి 3 లక్షల పౌండ్ల మూడు పడకగదుల ఇటుక ఇల్లు. రెండోది 2 లక్షల 40 వేల పౌండ్ల రెండు పడకగదుల ఫ్లాట్; నాలుగంతస్తుల చెక్క భవనం, కింద ఉమ్మడి వంటగది, పనిముట్ల గది, ముందుగా చెప్పి తీసుకునే అతిథి గది.

తేడా 60 వేల పౌండ్లు. ఆ డబ్బుకు అదనంగా వచ్చేది ప్రధానంగా ఒక గది. నాలుగున్నర శాతం వడ్డీ, 25 ఏళ్ల గడువు, వడ్డీ చివరిదాకా అలాగే ఉంటుందనుకుంటే ఆ గది ఒక్కదానికే నెల వాయిదా 333 పౌండ్లు. గడువు తీరేసరికి లక్ష పౌండ్లు. అయితే ఫ్లాట్‌కు సర్వీస్ ఛార్జీ నెలకు 150 ఉంది కదా, అదీ లెక్కలోకి రావాలి. తీసేస్తే మిగులు నెలకు 183, ఏడాదికి 2,200 పౌండ్ల దాకా.

ఇక్కడే గుంటూరు నుంచి అభ్యంతరం వచ్చింది. “చుట్టం వస్తే గది ఖాళీగా ఉందా అని ఇంకొకళ్లని అడగాలా? నాకు మనసొప్పదురా” అన్నారు వ్యాసకర్త తల్లి. ఆమె మాటలో పట్టింపు ఒక్కటే లేదు, నిజం కూడా ఉంది. బ్రిటన్ విజిటర్ వీసా మీద తల్లిదండ్రులు ఒక్కసారి వస్తే ఆరు నెలల దాకా ఉండొచ్చు. ఉమ్మడి అతిథి గదిని అన్నాళ్లు ఎవరూ ఇవ్వరు. దంపతులు వేసుకున్న ఏర్పాటు ఇది: పెద్దవాళ్లకు రెండో పడకగది, పాప తమ గదిలోకి. ఆడపడుచు కుటుంబం వచ్చినప్పుడు అతిథి గది. అందరూ ఒకేసారి దిగితే ఏడాదికి మిగిలిన ఆ డబ్బులోంచి దగ్గర్లో కొన్నాళ్లకు ఒక ఫ్లాట్ అద్దెకు. ఏడాదిలో ఎక్కువ నెలలు తాళం వేసి ఉంచే గదికి నెలనెలా వడ్డీ కట్టడం కంటే ఇదే నయమని తోచింది.

చెక్క భవనం అనగానే స్నేహితులంతా అడిగింది నిప్పు గురించే. ఇది క్రాస్ లామినేటెడ్ టింబర్, అంటే చెక్క పలకలను అడ్డంగా ఒక వరస, నిలువుగా ఒక వరస పేర్చి అతికించిన మందపాటి దిమ్మెలు. మెత్తరకం కలప మంటల్లో నిమిషానికి సుమారు 0.65 మిల్లీమీటర్ల చొప్పున బొగ్గవుతుంది. పైన ఏర్పడే బొగ్గు పొర లోపలి చెక్కను కాచుకుంటుంది. అందుకే ఎంతసేపు తట్టుకోవాలో చూసి ఇంజినీర్లు ఆ మేరకు మందం పెంచుతారు. అయినా 2017లో 72 మంది ప్రాణాలు తీసిన గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదం తర్వాత, 2018 డిసెంబరు నుంచి ఇంగ్లండ్‌లో 18 మీటర్లు దాటిన కొత్త నివాస భవనాల బయటి గోడల్లో కాలే పదార్థాలను నిషేధించారు. ఈ ఫ్లాట్ ఉన్న భవనం ఆ ఎత్తులో లేదు. కానీ అప్పిచ్చేవాళ్లందరూ చెక్క నిర్మాణాలకు ఒకేలా అప్పివ్వరు. అడ్వాన్సు ఇవ్వకముందే నిర్మాణ పద్ధతి పేరు రాసి పంపి, బ్యాంకు నుంచీ బీమా కంపెనీ నుంచీ రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోవడం అందుకే అవసరమైంది.

చెక్కకు నిప్పు కంటే నీరు మొండి శత్రువు. స్నానాలగది కింద కనపడకుండా ఊరే తేమ నెలల తరబడి నానబెడుతుంది. వ్యాసకర్త భార్య సర్వీస్ ఛార్జీ పద్దును వరసవరసగా చదివారు: లిఫ్టు, భవనం బీమా, ఉమ్మడి వంటగది శుభ్రత, లీకేజీ తనిఖీ, చివర రిజర్వ్ ఫండ్. ఆ చివరి వరసలో అంకె ఉందో సున్నా ఉందో చూడాలని ఆమె పట్టు. ఇరవై ఏళ్లకు పైకప్పు మార్చాల్సి వస్తే డబ్బు ఆ నిధిలోంచే రావాలి. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో కార్పస్ ఫండ్ గురించి ఆరా తీసే అలవాటు అక్కడ అక్కరకొచ్చింది.

హైదరాబాద్ మాట మరోలా కూడా వచ్చింది. ముందు అక్కడ ఒక ఫ్లాట్ కొనిపడేయమని బంధువుల సలహా. కానీ ప్రపంచంలో ఎక్కడైనా 40 వేల పౌండ్లు, ఆపై విలువైన ఇల్లు ఉంటే, ఇంగ్లండ్‌లో ఇంకో ఇల్లు కొనేటప్పుడు స్టాంపు డ్యూటీకి తోడు ధరలో 5 శాతం అదనం పడుతుంది. 2024 అక్టోబరు 30 వరకు అది 3 శాతం. ఈ ఫ్లాట్ ధర మీద అదనమే 12 వేల పౌండ్లు. తొలి ఇల్లు కొనేవాళ్లకిచ్చే మినహాయింపూ పోతుంది కాబట్టి ఇంకో 2,300. వరస మారితే 14,300 పౌండ్ల తేడా అన్నమాట. లీడ్స్ ఫ్లాట్‌నే ముందు కొన్నారు.

బార్సిలోనాలో ఇంతకంటే సాహసం చేసినవాళ్లున్నారు. 2018లో కాపురాలు మొదలైన ‘లా బోర్డా’ సహకార భవనంలో 28 ఇళ్లు, ఆరంతస్తులు. అడుగు అంతస్తు కాంక్రీటు, పైవన్నీ చెక్క. స్థలం నగరపాలక సంస్థది, 75 ఏళ్ల లీజు. చేరేటప్పుడు ఇంటికి 18,500 యూరోలు కట్టాలి, వెళ్లేటప్పుడు తిరిగి ఇస్తారు. ఇంటిని అమ్ముకోవడానికి వీల్లేదు. భూగర్భ పార్కింగ్ వద్దనుకుని ఆ ఖర్చునూ తప్పించుకున్నారు. ఇల్లు అంటే ఆస్తి అనే లెక్కను పూర్తిగా పక్కన పెట్టిన కుటుంబాలవి. పొదుపును వేరేచోట పెంచుకోవాలన్న స్పృహ వాళ్లకు తప్పనిసరి.

లీడ్స్ ఫ్లాట్‌లో ఉమ్మడి వంటగదికి పెద్ద గంగాళం కొన్నది ఈ దంపతులే. ఉగాదికి అందులో పులిహోర కలిపారు. పోపు ఘాటుకు తలుపులన్నీ తీయాల్సొచ్చింది. ఈసారి సంఘం సమావేశంలో వాడకం తక్కువగా ఉన్న పనిముట్ల గదిని రెండో అతిథి గదిగా మార్చాలన్న ప్రతిపాదన ఉంది. మరమ్మతుకు అయ్యే డబ్బు రిజర్వ్ ఫండ్‌లోంచి తీయకూడదని, ఇంటింటికీ విడిగా వసూలు చేయాలని వ్యాసకర్త భార్య సవరణ రాసిచ్చారు. ఆ షరతుకు సంఘం ఒప్పుకుంటే ఇద్దరూ గదికి అనుకూలంగానే ఓటేస్తారు.