ఉలుకూ పలుకూ లేని ఫోల్డర్

కంప్యూటర్ బిగుసుకుపోతే చూపున్నవాళ్లకి తెర మీద ఓ చక్రం తిరుగుతూ కనిపిస్తుందట. "పనిలో ఉన్నా, కాస్త ఆగు" అని సైగ చేస్తుందన్నమాట. నాకు ఆ సైగ అందదు. ఉలుకూ పలుకూ ఉండదు, అంతే. ఆ నిశ్శబ్దం ఎవరిదో ముందు తేల్చుకోవాలి. స్పీకర్‌దా, స్క్రీన్ రీడర్‌దా, ఫైల్ మేనేజర్‌దా, మొత్తం లాప్‌టాప్‌దేనా?

స్క్రీన్ రీడర్ తెరని చూసి చదువుతుందని చాలామంది అనుకుంటారు, మా టీమ్‌లోని ఇంజనీర్లతో సహా. నిజానికి ఎక్కువగా అది అడుగుతుంది. ఫోకస్ ఎక్కడుంది, దాని పేరేంటి, బటనా లిస్టా, ఎన్నింట్లో ఎన్నోది అని ప్రోగ్రామ్‌ని అడిగి, వచ్చిన జవాబుని మాటగా మారుస్తుంది. చెప్పాల్సినవాడు నోరు మూసుకుంటే వినేవాడికి అడిగినవాడు కూడా పోయినట్టే ఉంటుంది. నేను వాడే ఎన్‌వీడీఏని 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ మొదలుపెట్టాడు, తర్వాత జేమ్స్ టే వచ్చి కలిశాడు. ఇద్దరికీ చూపు లేదు. అందుకేనేమో, ఎంతసేపటికీ జవాబు రాకపోతే ఆ ప్రశ్నని వదిలేసి తేరుకునే ఏర్పాటు కూడా అందులో ఉంది.

పోయిన నెల ఓ రాత్రి నాకు కావాల్సిన ఫోల్డర్ తెరుచుకోలేదు. అందులో ఓ పాత కథల పుస్తకాన్ని అమ్మ చదివి రికార్డు చేసిన 23 ఆడియో ఫైళ్లున్నాయి. ఆ పుస్తకం ప్రింటులో తప్ప దొరకదు. ఉత్త స్కాన్ పీడీఎఫ్ అయితే నాకు తెల్లకాగితం. యూనికోడ్ కాని పాత ఫాంట్లలో కొట్టినదైతే ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలిపి ఏదో మంత్రం చదువుతుంది. అందుకని వంటయ్యాక రోజుకో కథ, కుక్కర్ విజిల్‌తో సహా. ఇప్పుడు అమ్మ కళ్లకి శుక్లాలు. మళ్లీ చదవమని అడగలేను.

టైమ్ చెప్పే కీ నొక్కాను. పదకొండూ నలభై అంది. ఎన్‌వీడీఏ బతికే ఉంది. నోట్‌ప్యాడ్‌లోకి వెళ్తే అదీ పలికింది. వెనక్కి వచ్చి టైటిల్ చదివిస్తే "నాట్ రెస్పాండింగ్". దొంగ దొరికాడు. టాస్క్ మేనేజర్‌లోంచి ఫైల్ మేనేజర్‌ని రీస్టార్ట్ చేశాను. టాస్క్‌బార్ కూడా దాంతోనే పోయి దాంతోనే తిరిగొచ్చింది. తెరిస్తే మళ్లీ అదే మౌనం.

చెల్లిని పిలిచాను.

"అంతా తెల్లగా ఉందన్నయ్యా. పైన ఆకుపచ్చ గీతొకటి సగం దాకా వచ్చి ఆగింది. ఇటివ్వు, మొత్తం ఆపేసి ఆన్ చేస్తా."

"ఉండవే."

ఆ గీత నాకు ఎంత పెద్ద కబురో తనకి తెలీదు. అంటే అది దేనికోసమో ఎదురుచూస్తూ ఆగిపోయింది. డిస్కు పోయిందేమోనన్న భయం కాస్త తగ్గింది. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి 'డిర్' కొట్టాను. బొమ్మల్లేని ఆ ముసలి కిటికీ 23 పేర్లూ టకటకా అప్పజెప్పింది. ఆ క్షణం మాత్రం కాసేపు చేతులు కీబోర్డు మీంచి తీసేశాను.

ఇక 'నెట్ యూజ్' కొడితే ఆఫీసు సర్వర్‌కి కట్టిన ఓ డ్రైవ్ బయటపడింది. లాప్‌టాప్ ఇచ్చినప్పుడే వాళ్లు పెట్టింది. ఆ సర్వర్‌ని ఈమధ్యే పీకేశారు. లేని ఇంటి తలుపు కొడుతూ ఫైల్ మేనేజర్ నిలబడిపోయిందన్నమాట. ఆ లంకె తీసేసి మరోసారి రీస్టార్ట్ చేస్తే తెరుచుకుంది.

నన్నడిగితే ఆ ఆకుపచ్చ గీతకి ఓ మాట ఉండాలి. "ఫలానా డ్రైవ్ కోసం ఆగాను" అని ఒక్క వాక్యం. నాకే కాదు, ఆ గీతని చూస్తూ కూడా అదేంటో అర్థంకాని మా చెల్లికి కూడా.

ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి ఓ కాపీ, క్లౌడ్‌లోకి ఓ కాపీ పోయాయి. ఆ పుస్తకం మీద వ్యాసం ఇంకా నడుస్తోంది. ఏడో కథ దగ్గరున్నాను, అమ్మ దగ్గి మళ్లీ మొదలుపెట్టే చోట.