రైలు మీద ఆవు

విజయవాడ నుంచి కాజీపేట వైపు పోయే రైలు ఎక్కితే, ఖమ్మం దాటిన తరవాత డోర్నకల్ జంక్షను వస్తుంది. ఒకరోజు మా నాలుగో తరగతి పిల్లలను, "జంక్షను అంటే ఏమిటి?" అని అడిగాను. "పెద్ద స్టేషను" అన్నారు కొందరు. "రైలు ఎక్కువసేపు ఆగే చోటు" అన్నారు మరికొందరు. వెనక వరసలో కూచున్న కుర్రవాడొకడు లేచి, "సార్, ఇక్కడ కొత్తగూడెం లైను వచ్చి కలుస్తది. కాజీపేటల సికింద్రాబాదు లైనూ బల్లార్షా లైనూ కలుస్తయి. ఆ రెంటినీ జంక్షను అంటరు. మహబూబాబాదు కూడ పెద్ద స్టేషనే. కాని అక్కడ ఏ లైనూ వచ్చి కలవదు. అందుకే దాన్ని జంక్షను అనరు" అన్నాడు.

ఆ కుర్రవాడు నిఘంటువు చూడలేదు. మూడు స్టేషన్లను పక్కపక్కన పెట్టి చూశాడు, అంతే. ఏ రెంటికి ఆ పేరున్నదో, దేనికి లేదో గమనించి అర్థం పట్టేశాడు. జాయిన్ అంటే కలపటం అని వాడికి అంతకు ముందే తెలుసు. జంక్షనూ జాయినూ అన్నదమ్ముల బిడ్డలని చెప్పగానే వాడి మొహం వికసించింది. ఇంకా విచిత్రమేమిటంటే, ఎద్దుల మెడ మీద పెట్టే కాడిని ఇంగ్లీషులో యోక్ అంటారు. మనం యోగం, యుగళం అంటాము. ఇవన్నీ ఒకే కుటుంబంలో పుట్టిన మాటలు. ఇంగ్లీషుకు మూలమైన భాషలకూ సంస్కృతానికీ పుట్టిల్లు ఒకటే అని 1786లో కలకత్తాలో విలియం జోన్స్ చెప్పిన సంగతి మీరు పెద్ద తరగతులలో చదువుతారు.

తెలంగాణా ప్రభుత్వ పాఠశాలలలో 2022-23 నుంచి ఒకటో తరగతి మొదలుకొని ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం పెట్టారు. పుస్తకాలలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదటి పేజీ తెలుగు. ఇది మంచి ఏర్పాటే. అయితే మన పిల్లలు తెలివైనవాళ్లు గదా! ఇంగ్లీషు పేజీలో కొత్తమాట కనిపించగానే చూపు తెలుగు పేజీ మీదికి దూకుతుంది. కథ తెలుస్తుంది, మాట మాత్రం తెలియదు. లేకపోతే మాస్టారు బల్ల మీద ఇరవై మాటలూ ఇరవై అర్థాలూ రాస్తారు. పిల్లలు వాటిని ఎక్కాలలాగా వల్లిస్తారు. మూడోనాటికి సగం పోతాయి. అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది మరొకటి ఉంది. తెలియని మాట ఎదురైతే కొందరు పిల్లలు వేలు అక్కడే ఆనించి, నోరు మూసుకుని నిలబడిపోతారు. ముందుకు వెళ్లరు. తప్పు చెబితే నవ్వుతారని భయం. అట్లాంటి పిల్లవాడు అయిదో తరగతికి వచ్చేసరికి, "నాకు ఇంగ్లీషు రాదు" అని తనంతట తనే తీర్మానించుకుంటాడు.

అందుచేత నేను మొదట ఇంగ్లీషు ముట్టుకోను. తెలుగులోనే ఒక లేని మాట పుట్టిస్తాను. మీరూ చూడండి:

"అమ్మ గిలుబు మీద పాలు పెట్టింది."

గిలుబు అంటే ఏమిటి? "బల్ల!" "గూడు!" "అరుగు!" అని అరిచారు పిల్లలు. ఏదీ తప్పనటానికి వీల్లేదు. అప్పుడు రెండో వాక్యం రాశాను.

"గాలికి గిలుబు ఆరిపోయింది."

బల్లా, గూడూ, అరుగూ ఒక్కసారిగా కొట్టుకుపోయాయి. "పొయ్యి సార్, పొయ్యి!" మూడో వాక్యంలో, "అందుకని పాలు పొంగలేదు" అనేసరికి ఎవరికీ అనుమానం మిగల్లేదు. గిలుబు అనే మాట ప్రపంచంలో ఎక్కడా లేదు. అయినా ముప్ఫయిమంది పిల్లలు దాని అర్థం చెప్పారు! ఆక్స్‌ఫర్డులో లెక్కల పాఠం చెప్పిన లూయీ కారల్ అనే ఆయన, ఆలిస్ కథల రెండో పుస్తకంలో ఇట్లా లేని మాటలతో పద్యమే రాశాడు. అది వెలువడింది 1871లో. ఇప్పటికీ పిల్లలు చదువుకుని నవ్వుకుంటున్నారు.

ఇందులో ఒక కిటుకు ఉంది. వాక్యంలో తెలియని మాట ఒక్కటే ఉండాలి. చుట్టూ ఉన్నవి తెలిసినవి కావాలి. నాలుగు మాటల వాక్యంలో మూడు గిలుబులుంటే ఎంత మేధావి అయినా చెప్పలేడు. 1920 ప్రాంతాలలో ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్ అనే ఉపాధ్యాయుడు ఈ సంగతి కనిపెట్టి, బెంగాలీ పిల్లల కోసం కొత్త రకం వాచకాలు తయారు చేశాడు. వాటిలో కొత్తమాటలు గుంపులుగా వచ్చి మీద పడవు. పాత స్నేహితుల మధ్య ఒకటొకటిగా వచ్చి కూచుంటాయి.

ఇక అసలు చిక్కుకు వద్దాము. తెలియని మాటల కంటె, తెలుసుననుకున్న మాటలే పిల్లలను ఎక్కువ తికమక పెడతాయి. "ద కౌ స్టుడ్ ఆన్ ద రైల్" అని ఒక వాక్యం వచ్చింది. ఒక అమ్మాయి గాభరాగా, "సార్, ఆవు రైలు మీద ఎట్ల ఎక్కింది?" అని అడిగింది. తరగతంతా ఆలోచనలో పడింది. ప్లాట్‌ఫారం మీది నుంచి దూకిందన్నాడొకడు. మనం ఇంగ్లీషువాళ్ల దగ్గిర రైలు అనే మాట తీసుకుని బండికి పెట్టుకున్నాము. వాళ్లకేమో రైల్ అంటే ఇనప పట్టా, బండి ట్రెయిను. పాపం, ఆవు పట్టా మీద నిలబడిందంతే!

కరెంటు సంగతీ ఇంతే. "ద బాయ్ కుడ్ నాట్ స్విమ్ అగైన్‌స్ట్ ద కరెంట్" అని చదివి, ఏట్లో కరెంటు తీగ తెగి పడిందనుకున్నారు మావాళ్లు. మున్నేరు నిండుగా పారేటప్పుడు ఎదురీదటం ఎంత కష్టమో వాళ్లకు బాగా తెలుసు. ఆ సంగతి గుర్తు చేయగానే కరెంటు అంటే పారేది అని తేలింది. నీళ్లు పారినా కరెంటే, తీగలో విద్యుత్తు పారినా కరెంటే. మనం రెండోదాన్ని మాత్రమే ఇంటికి తెచ్చుకున్నాము.

ఇట్లాంటి చోట నేను పిల్లలకు ఒక ప్రశ్న నేర్పాను: "ఇది ఇక్కడ పొసుగుతుందా?" అర్థం ఊహించటం సగం పనే. ఆ ఊహను వాక్యంలో పెట్టి చూడాలి. ఆవు రైలుబండి పైకి ఎక్కటం పొసగదు. పొసగనప్పుడు ఊహ మార్చుకోవాలి. పందెం ఓడిపోయినట్టు మొహం వేలాడేయనక్కరలేదు.

మరొకనాడు, పట్టాల కింద స్లీపర్లు ఉంటాయని ఒక పాఠంలో వచ్చింది. స్లీప్ అంటే నిద్రపోవటం గనక, స్లీపర్ అంటే నిద్రపోయేవాడని పిల్లలు సరిగానే లెక్కకట్టారు. పట్టాల కింద మనుషులు నిద్రపోవటమేమిటని కళ్లు పెద్దవి చేశారు. నేను చెప్పలేదు. "ఇంటి దగ్గిర అడిగి రండి" అన్నాను. మర్నాడు రైల్వేలో గ్యాంగ్‌మన్ పని చేసే ఒకాయన కొడుకు గొప్ప సామాను మోసుకొచ్చినట్టు వచ్చాడు. పట్టాల కింద అడ్డంగా పరిచే దిమ్మెలే స్లీపర్లనీ, పూర్వం అవి కొయ్యవనీ, ఇప్పుడు కాంక్రీటువి వేస్తున్నారనీ వాళ్ల నాయన చెప్పాడట. అంతేగాక, "ఫిష్‌ప్లేటు అంటే మీ సారును అడుగు" అని పంపాడు! చేపలు వడ్డించే పళ్లెమని తరగతిలో సగంమంది చేతులెత్తారు. రెండు పట్టాల కొసలు కలిపి, బోల్టులు బిగించే ఇనప పలకను ఫిష్‌ప్లేటు అంటారని ఆ కుర్రవాడే చెప్పాడు. పూర్వం నావికులు ఓడ స్తంభానికి బలంగా ఉండటానికి కట్టే చెక్కను ఫిష్ అనేవారు. ఆ ఫిషే ఇది.

తలిదండ్రులు కొందరు, "మాకు ఇంగ్లీషు రాదు, పిల్లలకేం చెబుతాము?" అని వెనకాడుతూ ఉంటారు. ఆ గ్యాంగ్‌మన్‌గారు తనకు ఇంగ్లీషు రాదనే అంటాడు. కాని ఆ రోజు మా తరగతిలో ఇంగ్లీషు పాఠం చెప్పింది ఆయనే.

ఊహించటంలో మా తరగతిలో అందరికన్నా ముందుండేది తండాల నుంచి వచ్చే పిల్లలు. ఇది నేను ముందు అనుకోలేదుగాని, ఆలోచిస్తే ఆశ్చర్యం లేదు. వాళ్లు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. అమ్మను యాడి అని పిలుస్తారు. బడికి వచ్చిన మొదటి నెలలో చుట్టూ ఉన్నదంతా తెలుగే. ఎవరూ వాళ్లకు అర్థాల పట్టీ రాసి ఇవ్వలేదు. మొహాలు చూసి, చేతులు చూసి, ఏ మాటకు ఎవరు లేచారో, ఏ మాటకు ఎవరు కూచున్నారో చూసి నేర్చుకున్నారు. ఒక భాషను ఇట్లా గెలిచినవాళ్లకు రెండోదంటే బెదురెందుకు?

పెద్దవాళ్లు కూడా ఇట్లా నేర్చుకోవలసి వస్తుంది. డోర్నకల్‌లో అందరికీ తెలిసిన వేదనాయగం అజరయ్యగారు తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. 1909లో ఇక్కడికి వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. తమిళుడికి తెలుగులో కన్ను లాంటి మాటలు చుట్టాలలాగా కనిపిస్తాయి. కాని అన్ని చుట్టాలనూ నమ్మరాదు. తెలుగులో అవసరం అంటే కావలసి ఉండటం. తమిళంలో అవసరం అంటే తొందర! ఆయన 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు అయినాడు. ఆయన హయాంలో కట్టి, 1939లో ప్రతిష్ఠించిన పెద్ద చర్చి ఈనాటికీ డోర్నకల్‌లో ఉంది. దేవాలయపు పోలికలూ, మసీదు పోలికలూ కలిపి కట్టారు గనక చూడవచ్చినవాళ్లు కాసేపు నిలబడిపోతారు.

దాన్ని కెథీడ్రల్ అంటారు. ఎందుకంటే, అందులో బిషప్పు కూచునే పీఠం ఉంటుంది. గ్రీకు భాషలో పీఠాన్ని కథెడ్రా అనేవారు. మీరు బడిలో కూచునే చెయిర్ అనే మాట కూడా దానినుంచే వచ్చింది. బిషప్ అనే మాటకు గ్రీకులో, పైనుంచి చూసేవాడు అని అర్థం. ఆ చూడటమే టెలిస్కోప్‌లోనూ ఉంది, మైక్రోస్కోప్‌లోనూ ఉంది. టెలి అంటే దూరం. దూరంలో ఉన్నది చూపేది టెలిస్కోప్, దూరాన్నుంచి మాట వినిపించేది టెలిఫోన్. ఇట్లా మాటలను కీలు దగ్గిర విరిచి చూడటం పిల్లలకు మహా సరదా. అన్ అనేది ముందు చేరితే కాదు అని, ఎర్ అనేది చివర చేరితే చేసేవాడు అని తెలుసుకోగానే, కనిపించిన ప్రతి మాటనూ విరవటం మొదలుపెట్టారు. టీచ్ చేసేవాడు టీచర్, సింగ్ చేసేవాడు సింగర్. బాగానే ఉంది. మరి మదర్? ఎవరో "మద్ చేసేది" అన్నారు. అంకుల్‌లో అన్ తీసేస్తే కుల్ మిగిలింది. "కుల్ కానివాడు అంకుల్" అని తేల్చాడు ఒకడు. వాళ్ల మామ ఆ సంగతి విని ఏమన్నాడో తెలియదు!

నవ్వుతో పోయేవి ఫరవాలేదు. నవ్వుతో పోనిది ఒకటి ఉంది. చమురు తీసుకుపోయే ట్యాంకర్ల మీద ఇన్‌ఫ్లేమబుల్ అని రాసి ఉంటుంది. ఫ్లేమ్ అంటే మంట అని ఒక పిల్లకు తెలుసు. ఇన్ ముందు ఉంటే కాదు అని కూడా తెలుసు. "అంటే మంట అంటుకోనిది" అన్నది. ఆమె లెక్క సరిగానే ఉంది. కాని ఆ మాటకు అర్థం దానికి పూర్తిగా విరుద్ధం: సులువుగా అంటుకునేది! అక్కడి ఇన్ కాదు అని చెప్పేది కాదు. మంటలోకి పోవటాన్ని చెప్పేది. తెలుగులోనూ ఇట్లాంటి మెలికలున్నాయి. అమూల్యం అంటే విలువ లేనిది కాదు గదా, విలువ కట్టలేనంత గొప్పది. పెద్దవాళ్లు కూడా ఆ ఇంగ్లీషు మాట చూసి పొరపడతారని, చాలా చోట్ల ఇప్పుడు ఇన్ తీసేసి ఫ్లేమబుల్ అనే రాస్తున్నారు. అందుకని మా తరగతిలో ఒక కట్టుబాటు ఉంది. కథల పుస్తకంలో ఎంతైనా ఊహించవచ్చు. మందు సీసా మీద, పురుగుమందు డబ్బా మీద, కరెంటు పెట్టె మీద ఉన్న మాటను మాత్రం అడిగి తెలుసుకున్న తరవాతనే చెయ్యి వెయ్యాలి. మిరపచేలున్న ఊళ్లలో పురుగుమందు డబ్బా లేని ఇల్లు అరుదు.

నిఘంటువు మా బీరువాలో ఉంది. దాన్ని చివరకు తీస్తాము, ఎవరి ఊహ గెలిచిందో చూడటానికి. మొన్న బ్రేక్‌ఫాస్ట్ అనే మాట వచ్చింది. బ్రేక్ అంటే విరగ్గొట్టటం, ఫాస్ట్ అంటే వేగంగా. "తొందరగా విరగ్గొట్టేది" అన్నారు. పొసుగుతుందా అని అడిగాను. పొద్దున్నే తినేదానికి పొసగదన్నారు. కాసేపు ఎవరూ పలకలేదు. కిటికీ దగ్గిర కూచున్న పిల్ల, "సార్, మా నాయనమ్మకు షుగరు ఉంది. దవాఖానల ఫాస్టింగ్ అని రాసిస్తరు. ఆ పొద్దు ఏం తినకుండ పోయి రక్తం ఇచ్చి వస్తది. ఫాస్ట్ అంటే ఏం తినకుండ ఉండుడు. దాన్ని విరగ్గొట్టుడే బ్రేక్‌ఫాస్ట్" అన్నది.

నిఘంటువు తియ్యటానికి ఇద్దరు ఒకేసారి బీరువా దగ్గిరికి పరుగెత్తారు.